పాత స్పాంజిని కడిగేయకండి: చేపలను పెద్ద ట్యాంకులోకి మార్చడం గురించి

(కర్నూలులో, ఇళ్లలో రంగు చేపలు పెంచుకునేవారు కలుసుకున్న ఒక ఆదివారపు సమావేశంలో విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, సెలవు రోజున, పిల్లలను కూడా వెంటబెట్టుకుని వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసలో కూర్చున్న పిల్లలూ, మీకు అనుమానం వస్తే కాగితం మీద రాసి పెట్టుకోండి, చివర్లో తప్పకుండా అడగండి.

మీలో ఎంతమంది ఇళ్లలో రెండడుగుల ట్యాంకు ఉంది? చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సరే, అందులో చేపలు ఇరుకైపోయాయి, ఇక మూడడుగులదో నాలుగడుగులదో కొనాలి అని అనుకుంటున్నవారు? సగానికి పైగానే ఉన్నారు. ఇవాళ నేను చెప్పబోయేది మీకోసమే. మిగిలినవారు కూడా వినండి, ఎందుకంటే ఏడాది తిరిగేసరికి మీకూ ఆ అవసరం వస్తుంది.

తప్పకుండా వస్తుంది. "ట్యాంకు ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది, మీరేం దిగులుపడకండి" అని అంగళ్లలో చెబుతుంటారు. దయచేసి ఈ మాట నమ్మకండి. చిన్న ట్యాంకులో చేప ఎదగలేదంటే, తాను వదిలిన మలినాల మధ్యనే తిరుగుతూ, ఎదుగుదల ఆగిపోయి, ఆయువు తగ్గి బతుకుతోందని అర్థం. కొనేనాడు బొటనవేలంత ఉన్న గోల్డ్ ఫిష్‌ను సరిగ్గా పెంచితే 20 సెంటీమీటర్లు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. ఆస్కార్ చేప 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పిల్లలు ముచ్చటపడి షార్క్ అని కొనిపించుకునే ఆ వెండిరంగు చేప ఉంది చూడండి, అది షార్కే కాదు. అది పంగాసియస్, కోస్తా జిల్లాల చెరువుల్లో పెంచి కిలోల లెక్కన అమ్మేది ఆ చేపనే. అది మీటరు దాటి పెరిగే జాతి. దానికి నాలుగడుగుల ట్యాంకు కూడా చాలదు కాబట్టి అసలు కొనకపోవడమే మనం దానికి చేసే మేలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెద్ద ట్యాంకు కొన్నాము, చేపలను వలతో పట్టి అందులో వేశాము. ఇంతేనా? ఇంతే అనుకుని నేను ఒకసారి చేసిన పని మీకు చెప్పాలి.

ఇరవై ఏళ్లు దాటిన మాట ఇది. అప్పుడు మా ఇంట్లో రెండడుగుల ట్యాంకులో పదకొండు చేపలు ఉండేవి. అందులో నాలుగు ఏంజెల్ చేపలను వేలి గోరంత ఉన్నప్పటి నుంచి నేనే పెంచాను. వాటి కోసమని నాలుగడుగుల ట్యాంకు చేయించాను. అంతా శుభ్రంగా మొదలుపెట్టాలని, పాత ట్యాంకులోని గులకరాళ్లను కుళాయి కింద పెట్టి నాలుగైదు సార్లు కడిగాను. ఫిల్టర్‌లోని స్పాంజిని నల్లటి నీళ్లు ఆగేంతవరకు పిండి, మిద్దె మీద ఎండలో ఆరబెట్టాను. కొత్త నీళ్లు నింపి చేపలను వదిలాను. మొదటి రోజు చూడముచ్చటగా ఉంది. రెండో రోజు సాయంత్రానికి చేపలు మేత ముట్టలేదు. మూడో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే పెద్ద ఏంజెల్ నీటి పైపొరకు మూతి ఆనించి, రెక్కలు ఒంటికి అదుముకుని, ఆయాసపడుతూ నిలబడి ఉంది. మొప్పలు కందినట్టు ఎర్రగా ఉన్నాయి. వారం తిరిగేలోగా తొమ్మిది చేపలు పోయాయి. ఆ వారమంతా నీళ్లు మాత్రం తేటగా, అద్దంలాగే ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి: తేటగా కనిపించే నీళ్లలోనే అవి చనిపోయాయి.

ఎందుకు చనిపోయాయి? నేను కడిగి పారబోసింది మురికి అనుకున్నాను. అందులో ఉన్నది ఆ చేపలను కాపాడుతున్న ప్రాణి సమూహం.

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుంచి అమోనియా తయారవుతుంది. దానిని చేప ఎక్కువగా మొప్పల ద్వారానే నీటిలోకి వదులుతుంది. నదిలోనైతే అది కొట్టుకుపోతుంది, ట్యాంకులో ఎక్కడికి పోతుంది? అమోనియా చేపకు విషం. ఒక రకం బ్యాక్టీరియా ఈ అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోకి చేరి, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. ఇంకొక రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత మోతాదు వరకు చేపలకు పెద్దగా హాని చేయదు, వారం వారం నీళ్లు మార్చినప్పుడు బయటకు పోతుంది. మన పొలంలో యూరియా చల్లినప్పుడు అందులోని నత్రజని నైట్రేట్‌గా మారి పైరుకు అందేది కూడా ఇలాంటి బ్యాక్టీరియా పని వల్లనే. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వీటిని నేల నుంచి వేరుచేసి చూపించారు. మట్టిలో జరిగే పనే మన ఫిల్టర్ స్పాంజిలోనూ జరుగుతోంది.

ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పెరుగును తోడుపెట్టే బ్యాక్టీరియా లాగా రాత్రికి రాత్రి పెరిగేది కాదు. కొత్త ట్యాంకులో ఏమీ లేని స్థితి నుంచి చేపల మలినాన్ని పూర్తిగా అరిగించుకునే స్థాయికి రావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది నీటిలో తేలుతూ ఉండేది చాలా తక్కువ; స్పాంజిని, గులకరాళ్లను, అద్దాన్ని, మొక్కల ఆకులను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే "పాత నీళ్లు సగం పోశాను సార్, అయినా చేపలు చనిపోయాయి" అని చాలామంది నాతో అంటారు. పాత నీళ్లతో ఆ బ్యాక్టీరియా రాదు, పాత స్పాంజితో వస్తుంది. పెరుగుకు తోడు ఎలా ముఖ్యమో ఇక్కడ పాత స్పాంజి అలా ముఖ్యం.

ఈ బ్యాక్టీరియాకు ఊపిరి కూడా కావాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మన ఊరు మునిగిన రోజులు మీకందరికీ గుర్తున్నాయి. ఈ గదిలో ఆ నీళ్లలో ఇల్లు మునగనివారు ఎంతమంది ఉంటారు? మా ఇల్లు పై అంతస్తు కావడంతో ట్యాంకు మిగిలింది, కరెంటు మాత్రం రోజుల తరబడి లేదు. చేపల కోసం చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోస్తూ ఉన్నాము. రాత్రిపూట నేను, నా భార్య వంతులు వేసుకున్నాము. బయట ఉన్న డబ్బా ఫిల్టర్ సంగతి మాత్రం మరిచిపోయాము. కరెంటు వచ్చాక మూత తీసి చూస్తే కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. మూసి ఉన్న డబ్బాలో ప్రాణవాయువు అయిపోయి, లోపలి మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, కుళ్లబెట్టేది మొదలైంది. అదే స్విచ్ వేసి ఉంటే ఆ నీళ్లన్నీ ట్యాంకులోకి వెళ్లేవి. ట్యాంకు మార్చే రోజున కూడా ఇదే జరుగుతుంది. పొద్దున ఫిల్టర్ ఆపి, పనులన్నీ అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. అంతసేపు స్పాంజి మూసిన డబ్బాలో ఉండకూడదు, ఆరిపోనూ కూడదు. పాత ట్యాంకు నీళ్లు నింపిన బకెట్‌లో వేసి, అందులో ఎయిర్ పంప్ గొట్టం పెట్టి ఉంచండి.

మరి స్పాంజి నిజంగానే మూసుకుపోయి నీళ్లు లాగకపోతే ఏం చేయాలి అంటారా? ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండండి, చాలు. అది గోధుమరంగులోనే ఉండాలి. ట్యాంకు మార్చే వారంలో అది కూడా చేయకండి.

ట్యాంకును నిలబెట్టే చోటు గురించి తొందరగా చెప్పి ముందుకు వెళతాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు, అంటే నిండా నింపితే 255 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు. అద్దం, గులకరాళ్లు కలిపితే మొత్తం 300 కిలోలు దాటుతుంది. ఆరు బియ్యం మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత బరువు నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. టీవీ బల్ల మీద పెట్టకండి. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి స్టాండును సరిచూసుకోండి, అద్దం కింద థర్మకోల్ షీటు వేయండి. పడమటి ఎండ తగిలే గోడ పక్కన పెట్టకండి. కొత్త ట్యాంకు అతుకుల్లోని సిలికాన్ పుల్లటి వాసన పూర్తిగా పోయేవరకు ఆరనిచ్చి, తర్వాత నీళ్లు నింపి రెండు రోజులు కారుతుందేమో చూసి, ఆ నీళ్లు పారబోయండి.

నీళ్ల సంగతి

ఇక్కడ కొంచెం ఓపికగా వినండి, ఎందుకంటే మన జిల్లాల్లో చేపలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

మనకు దొరికేవి మూడు రకాల నీళ్లు. ఒకటి కుళాయి నీళ్లు. సుంకేసుల నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లు మంచివే, అయితే వాటిని శుద్ధి చేయడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు మేలు చేసే ఆ క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది, ఇప్పటిదాకా మనం చెప్పుకున్న బ్యాక్టీరియాను చంపుతుంది. డ్రమ్ములో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. వెంటనే కావాలంటే అక్వేరియం అంగళ్లలో దొరికే హైపో వాడాలి. రెండోది బోరు నీళ్లు. కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా బోరు నీళ్లు చాలాచోట్ల చవుడుగా, సున్నం ఎక్కువగా ఉంటాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకునే పొర మీరు రోజూ చూస్తున్నదే. గప్పీలు, మోలీలు ఆ నీళ్లలో హాయిగా ఉంటాయి. మూడోది క్యాన్ నీళ్లు. కొందరు చేపల మీద ప్రేమతో ట్యాంకంతా క్యాన్ నీళ్లతోనే నింపుతారు. ఆ నీళ్లలో లవణాలు దాదాపుగా ఉండవు, చేపకు అవి కూడా కావాలి. పైగా అలాంటి నీటిలో పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, నిలకడగా ఉండదు, ఉన్నట్టుండి పడిపోతుంది. మరీ చవుడు బోరు నీళ్లయితే కొంత క్యాన్ నీళ్లు కలుపుకోండి, అంతవరకే.

ఏ నీళ్లు మంచివి అని అడిగితే నేను చెప్పేది ఒకటే: ఏడాది పొడవునా మీ ఇంట్లో ఒకేలా దొరికే నీళ్లు మంచివి. చేప అలవాటు పడలేనిది నీళ్ల రకానికి కాదు, హఠాత్తుగా వచ్చే మార్పుకు.

ఈ హఠాత్తు మార్పులో ఒక చిక్కుముడి ఉంది. రెండు మూడేళ్లుగా నడుస్తున్న చిన్న ట్యాంకులో, బ్యాక్టీరియా తన పని చేస్తున్నకొద్దీ నీటిలోని క్షారగుణం ఖర్చవుతూ ఉంటుంది. పీహెచ్ మెల్లమెల్లగా దిగిపోతుంది. అది మన కంటికి కనబడదు, చేపలు కూడా నెలల తరబడి దానికి అలవాటు పడి ఉంటాయి. పీహెచ్ తక్కువగా ఉన్న నీటిలో అమోనియా ఎక్కువ భాగం అమోనియం అనే తక్కువ హాని చేసే రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల వేడిమిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు విషరూపంలో ఉండేది 0.6 శాతం కూడా ఉండదు. అదే 8కి వెళితే 5 శాతం దాటుతుంది. 9కి వెళితే మూడోవంతు దాటుతుంది. నీరు వేడెక్కినా ఈ లెక్క పెరుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి: పాత ట్యాంకులోని ఆమ్ల నీటిని, అందులో పేరుకున్న అమోనియాతో సహా తెచ్చి, సున్నం నిండిన బోరు నీళ్లలో కలిపితే ఏమవుతుంది? నిన్నటిదాకా హాని చేయని పదార్థమే ఒక్క గంటలో పది రెట్లు విషమవుతుంది.

అందుకే మార్చడానికి మూడు వారాల ముందు నుంచే పాత ట్యాంకును సిద్ధం చేయాలి. మూడు నాలుగు రోజులకు ఒకసారి అయిదో వంతు నీళ్లు తీసి, కొత్త ట్యాంకులో ఏ నీళ్లు పోయబోతున్నారో ఆ నీళ్లే పోస్తూ రండి. అలా చేస్తే మార్చే రోజుకు రెండు ట్యాంకుల నీళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పీహెచ్ చూసే చుక్కల మందు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెద్ద ఖరీదైనవేమీ కావు, నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. అలంకరణ బొమ్మలకు పెట్టే డబ్బు ముందు వీటికి పెట్టండి.

మన ప్రాంతానికే చెందిన ఇంకొక జాగ్రత్త. నాపరాళ్లు మనకు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. బేతంచెర్ల రాయి, కడప నల్లబండ ముక్కలు అందంగా ఉన్నాయని గుహలాగా పేర్చి ట్యాంకులో పెడతారు. అవి సున్నపురాళ్లు. నీటిలో మెల్లగా కరుగుతూ గట్టితనాన్ని, పీహెచ్‌ను పెంచుతూనే ఉంటాయి. మీ దగ్గర ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్ చేపలుంటే వాటికి అది మంచిదే, ఏంజెల్ లాంటి అమెజాన్ చేపలకు మంచిది కాదు. ఏ రాయైనా సరే, గోటితో కొంచెం గీకి, నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నగా సుయ్‌మని నురగ వస్తే అది సున్నపురాయి. ట్యాంకును మోసే స్టాండు మీద మాత్రం ఆ కడప బండ నిశ్చింతగా వేసుకోవచ్చు.

మార్చే రోజు

వీలైతే ముందు పదిహేను రోజులు పాత ఫిల్టర్‌ను పాత ట్యాంకులో ఉంచి, కొత్త పెద్ద ఫిల్టర్‌ను కూడా దాని పక్కనే అక్కడే తిప్పండి. వీలుకాకపోతే పాత ఫిల్టర్‌ను ఉన్నదున్నట్టు కొత్త ట్యాంకులో పెట్టి, కొత్తదానితో పాటు ఆరు వారాలు నడపండి.

ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టండి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టే నీరు 35 డిగ్రీల వద్ద 7 దగ్గరే ఆగిపోతుంది. బెదిరిన చేపకు అప్పుడే ఎక్కువ ఊపిరి కావాలి. ముందు రోజు మేత పెట్టకండి. లైట్లు ఆపేయండి. మొక్కలు, బొమ్మలు ముందే తీసేసి, నీటిని జానెడు లోతుకు తగ్గించి, అప్పుడు రెండు వలలతో పట్టండి. ఒకటి కదలకుండా ఉండాలి, రెండోది చేపను మెల్లగా అటు తోలాలి. జెల్ల జాతి చేపలను, సక్కర్ చేపలను వలతో పట్టకండి, వాటి రెక్కల ముళ్లు దారాల్లో ఇరుక్కుని చీరుకుపోతాయి. వాటికి వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా వాడండి.

పట్టిన చేపలను పాత నీళ్లున్న బకెట్‌లో ఉంచి మూత వేయండి. మందుల అంగడిలో సెలైన్ ఎక్కించే గొట్టం దొరుకుతుంది, కొత్తది కొనండి. దాని ఒక కొన కొత్త ట్యాంకులో, ఇంకొక కొన బకెట్‌లో పెట్టి, చక్రం తిప్పి నీళ్లు మెల్లగా, సన్నగా పడేలా చేయండి. బకెట్‌లో నీళ్లు రెండింతలు అయ్యేవరకు ఆగండి. గంట పడుతుంది. పడనివ్వండి. ఆ గంటసేపు మీరు బకెట్ పక్కన కూర్చుని చేప మొప్పలు ఎంత వేగంగా కదులుతున్నాయో చూస్తూ ఉండండి. నెమ్మదించడం మీకే తెలుస్తుంది. తర్వాత చేపలను మాత్రమే ట్యాంకులోకి వదిలి, బకెట్‌లోని నీళ్లు పారబోయండి.

పోట్లాడే చేపలుంటే ఒక మాట. చిన్నవాటిని, నెమ్మదైనవాటిని ముందు వదలండి, ఆస్కార్ లాంటి దాష్టీకం చేసే చేపను చివర వదలండి. కొత్త చోటు ఎవరిదీ కాకముందే బలహీనులకు దాక్కునే మూల దొరకాలి.

ఆ రోజు మేత వద్దు. మరుసటి రోజు రెండు నిమిషాల్లో తినేయగలిగినంత. మొదటి రెండు వారాలు అమోనియా, నైట్రైట్ రోజూ పరీక్షించండి, ఏ కొంచెం కనబడినా నాలుగో వంతు నీళ్లు మార్చండి. నైట్రైట్ కనబడితే మన వంటింటి రాళ్ల ఉప్పు, అయోడిన్ కలపనిది, లీటరుకు ఒక గ్రాము చొప్పున కరిగించి కొద్దికొద్దిగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. పొలుసులు లేని చేపలుంటే సగమే. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనబడితే అది మార్చేటప్పుడు పడిన బెదురు వల్ల బయటపడిన పరాన్నజీవి జబ్బు, ఆలస్యం చేయకుండా చికిత్స మొదలుపెట్టాలి. మరొకటి, పెద్ద ట్యాంకు ఖాళీగా కనిపిస్తోందని ఆ వారమే కొత్త చేపలు కొనకండి. బ్యాక్టీరియా పాత చేపలకు సరిపడినంతే ఉంది, కొత్త నోళ్లకు లేదు.

ముందు వరుసలోని పాప ఏదో రాసి పంపింది. "మా సక్కర్ చేప పెద్ద ట్యాంకులో కూడా పట్టకపోతే కేసీ కాలువలో వదలవచ్చా తాతయ్యా?" అని అడిగింది. మంచి ప్రశ్న, తల్లీ. వదలకూడదు. అది దక్షిణ అమెరికా చేప, అడుగు దాటి పెరుగుతుంది, మన నీళ్లలో దానిని తినేవి తక్కువ. కాలువల్లో, చెరువుల్లో చేరి మన చేపలకు ఎసరు పెడుతోంది, మత్స్యకారుల వలలు చింపుతోంది. ఏ రంగు చేపనైనా అంతే. అంగడిలో తిరిగి ఇవ్వు, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వు. ఎవరూ తీసుకోకపోతే మీ నాయనతో నా దగ్గరికి పంపు, నేను చోటు చూస్తాను.

వెనకనుంచి ఎవరో పాత ట్యాంకు ఏం చేయాలని అడిగారు. అమ్మకండి. ఆరు వారాలయ్యాక, కొత్త ఫిల్టర్ నిలదొక్కుకున్నదని పరీక్షలో తేలాక, ఆ పాత స్పాంజిని మళ్లీ తెచ్చి రెండడుగుల ట్యాంకులో పెట్టి, రెండు గప్పీలను వదిలి నడుపుతూ ఉండండి. కొత్తగా కొన్న చేపను మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచడానికైనా, జబ్బు చేసినదానిని తెచ్చి పెట్టడానికైనా ఆ రోజుకు అది సిద్ధంగా ఉంటుంది.